ప్రింటరుకు అగరొత్తి

ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఎన్ని ఆఫీసులున్నాయో, ఆ ఆఫీసుల్లో ఎన్ని ప్రింటర్లున్నాయో, అవన్నీ ఒక రోజు కూడబలుక్కుని తమకొక తల్లిని ఎన్నుకుంటే మా మామ్మ గురమ్మ ఏకగ్రీవంగా గెలుస్తుంది. పోటీకి ఎవరూ నామినేషన్ కూడా వెయ్యరు. మిషన్లు తయారుచేసే కంపెనీవాళ్లు సైతం మా మామ్మ వచ్చి "ఊఁ" అనేదాకా మూత తియ్యడానికి భయపడతారు. ఆమె మూడో తరగతిలో బడి మానేసిన మనిషి. నేను ఇంటర్ లెక్కల్లో రెండుసార్లు తప్పి, బస్ కాంప్లెక్స్ దగ్గర జెరాక్సు షాపులో పని చేస్తున్నాను. కాబట్టి మా ఇంట్లో పెద్ద చదువు నాదే.

ఆ తల్లి బొడ్లో ఇరవై రెండేళ్లు ఒక తాళంచెవి ఉండేది. రాజాంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీ ఆఫీసులో ప్రింటింగు గది తాళంచెవి. కాలేజీ పేరు రాయను. రాస్తే మామ్మ నా జడ పట్టుకుంటుంది. ఆ తాళంచెవి పోతే మామ్మ హాస్టల్ వంటింటికి వెళ్లాలి. అక్కడ పీట మీద కూర్చుని, లేచి, మళ్లీ కూర్చుని రోజుకు రెండు బస్తాల బియ్యం కడగాలి. మామ్మ మోకాళ్ల సంగతి మా వీధి మొత్తానికి తెలుసు. లేచినప్పుడల్లా "అయ్యో" అని ఆమె అరుస్తుంది, కటుక్కుమని అవి అరుస్తాయి.

మామ్మ ప్రింటర్ల దగ్గరికి ఎలా వచ్చిందో చెప్తాను. తాత పోతురాజు గోనెసంచుల మిల్లులో పని చేసేవాడు. మిల్లు మూతపడింది, రెండేళ్లకి తాత పోయాడు. అప్పటికి ఆ కాలేజీ అంటే రెండు రేకుల షెడ్లు. మామ్మ ఊడవడానికి చేరింది. ఆఫీసులో ఒక మూల సైక్లోస్టైల్ మిషను ఉండేది. చేత్తో తిప్పితే ప్రశ్నపత్రాలు వచ్చేవి, సిరా కూడా వచ్చేది. గుమస్తా గారికి కొత్త తెల్ల చొక్కా మీద సిరా పడిన రోజున ఆయన పిడి వదిలేసి, "గురమ్మా, నువ్వు తిప్పు" అన్నాడు. మామ్మ చీపురు గోడకి ఆనించి పిడి పట్టుకుంది. అంతే, మళ్లీ ఎవరూ ఆమె చేతిలోంచి తీసుకోలేదు.

తర్వాత కర్రుమని గీసే సూదుల ప్రింటరు వచ్చింది, అది పోయి రంగు సిరాది వచ్చింది, అదీ పోయి ఇప్పటి పెద్దది వచ్చింది. ఐదు కంప్యూటర్లలో ఎవరు నొక్కినా ఈ ఒక్కదాంట్లోంచే కాగితం వస్తుంది. మిషన్లు మారాయి, గుమస్తాలు మారారు, మామ్మ మారలేదు. వానాకాలంలో కాగితం చెమ్మ పట్టి మూడేసి కలిసి లోపలికి పోతాయని, బీరువాలో చిన్న బల్బు వెలిగించి కాగితాల కట్టలు అందులో పెట్టేది. ప్రింటర్లో వేసే నల్ల మసిపొడి అయిపోతే ఆ డబ్బా తీసి, చేటలో బియ్యం చెరిగినట్టు నాలుగుసార్లు అటూ ఇటూ కదిపి పెట్టేది. ఇంకో రెండు వందల పేజీలు వచ్చేవి. పక్క గదిలో ఉండి చప్పుడు విని, "రెండో అరలో ఇరుక్కున్నాది, ముందుకి లాగకండి, యెనక్కి లాగండి" అని అరిచేది.

ఇక అగరొత్తి సంగతి. తిత్లీ తుపాను ఏడాది కరెంటు పోయి, పోయి, ఒక్కసారిగా వచ్చినప్పుడు ఆఫీసులో మూడు కంప్యూటర్లు కాలిపోయాయి. ఆ వాసన మామ్మ ముక్కులోంచి ఇప్పటికీ పోలేదు. ఆ రోజు నుంచి సాయంత్రం తాళం వేసేముందు గదిలో ప్లగ్గులన్నీ పీకేసేది. ఒక్కటి కూడా ఉంచేది కాదు. పొద్దున్న వచ్చి ముందు వైఫై డబ్బా ప్లగ్గు పెట్టేది. తర్వాత ప్రింటరుది పెట్టి, దాని ముందు ఒక అగరొత్తి వెలిగించేది. అది వేలెడు కాలేదాకా ఇంకే ప్లగ్గూ ముట్టుకోనిచ్చేది కాదు. కాలాక వంగి ప్రింటరు మీది చిన్న అద్దంలో చూసేది. అక్కడ ఒక పొడుగాటి నంబరు ఉంటుంది. చివర రెండు ఉంటే మిగతా ప్లగ్గులు పెట్టేది. లేకపోతే అన్నీ పీకి మొదటికి వచ్చేది.

"గురమ్మ పూజ అయితే గానీ మా ప్రింటరు పలకదు" అని ఆఫీసంతా నవ్వేది. నేనూ నవ్వాను. ఒకసారి దానికి కొబ్బరికాయ కూడా కొట్టమన్నాను. "నీ నెత్తి మీద కొడతాను" అంది మామ్మ.

ఈ జూన్‌లో కొత్త సూపరింటెండెంటు తిరుమలరావు గారు వచ్చారు. మంచి ఇస్త్రీ చొక్కా, మంచి కంఠం. ఆయనకి గదిలో అగరొత్తి వాసన నచ్చలేదు. మామ్మని పిలిచి ఒక కాగితం చేతిలో పెట్టారు. మిషన్లు చూసే విశాఖపట్నం కంపెనీ పంపిన కాగితం అది. నెట్‌వర్కు ప్రింటరు చూసుకునేవాళ్లకి తెలియాల్సిన మాటలు, ఇరవై రెండు, తెలుగు అక్షరాల్లోనే. శనివారం కంపెనీ మనిషి వస్తాడట, అడుగుతాడట. చెప్పగలిగిన మనిషికే గది.

"సెప్పలేకపోతే బాబూ?" అని అడిగిందట మామ్మ.

"అనూరాధ ఉంది కదమ్మా. నీకు హాస్టల్లో పని చూస్తాను" అన్నారట ఆయన, చాలా మర్యాదగా.

అనూరాధ కంప్యూటర్ ఆపరేటరు. మంచి పిల్ల. మామ్మని పిన్నీ అని పిలుస్తుంది. మామ్మ ఆమె మీద కోపం తెచ్చుకోవాలని రెండు రోజులు ప్రయత్నించి, కుదరక మానేసింది.

వారం రోజులు నేను పంతులమ్మని. సాయంత్రం షాపు నుంచి రాగానే మామ్మ గుమ్మంలో తోటకూర ముందేసుకుని కూర్చునేది. నేను కుర్చీలో కూర్చుని స్కేలు పట్టుకునేదాన్ని.

"స్పూలరు అంటే ఏమిటి?"

"నాకేటి తెల్సు?"

"అందరూ పంపినవి ఒకేసారి ప్రింటరు మీద పడిపోకుండా ఒక చోట ఆపి, వరస పెట్టి పంపేది. కంప్యూటరు పంపేసి తన పని తను చేసుకోవచ్చు."

మామ్మ కాడ విరుస్తూ ఆలోచించింది. "రేషను డిపో కాడ సంచి వరసలో ఎట్టేసి మనం ఎల్లి నీడని కూకోమేటి? అలగా?"

నేను స్కేలు దించాను. షాపు ఓనరు నాకు ఇదే మాట అరగంట చెప్పాడు, ఇంత బాగా చెప్పలేదు. "డ్రైవరు?"

"నువ్వే సెప్పు."

"కంప్యూటరు మాట ప్రింటరుకి అర్థం కాదు. మధ్యలో ఉండి దాని మాటని దీని మాటలోకి మార్చి చెప్పేది."

"మీ పర్లాకిమిడి అత్త. మావ ఒడియాలో తిడితే మనకి తెలుగులో సెప్తాది."

"తిట్లు మార్చి చెప్తుంది కదా?"

"అందుకే కాపురం నిలబడ్డాది."

ఎవరికని చెప్పకుండా పంపితే తిన్నగా వెళ్లే ప్రింటరుని డిఫాల్ట్ అంటారంటే, ఊళ్లోకి ఏ చుట్టం దిగినా తిన్నగా మా ఇంటికే వస్తాడని గుర్తు పెట్టుకుంది. ఐపీ అడ్రస్ అంటే ఇంటి నంబరు. "సివర రెండు" అంది నేను చెప్పకముందే. ఇలా ఇరవై ఒకటి ఐపోయాయి. ఇరవై రెండోది మిగిలింది.

"డీహెచ్‌సీపీ" అన్నాను.

"డీ... సీ..."

"డీ, హెచ్, సీ, పీ."

"డీ, సీ, హెచ్చి..."

నేను పడీ పడీ నవ్వాను. పక్కింటి ఈశ్వరి అత్తని కూడా పిలిచి అనిపించాను. మామ్మ తోటకూర కాడ నా మీదకి విసిరింది. "ముందు అదేటో సెప్పు, పేరు తరవాత."

"వైఫై డబ్బాలో ఉండే ఏర్పాటు. ఎవరు ముందు వస్తే వాళ్లకి ముందు నంబరు, తర్వాత వచ్చినవాళ్లకి తర్వాతి నంబరు, అలా ఇచ్చుకుంటూ పోతుంది. మీ పాత డబ్బా లాంటిదైతే కరెంటు పీకగానే అన్నీ మరిచిపోతుంది. మళ్లీ పొద్దున్న వచ్చిన వరసలోనే ఇస్తుంది."

మామ్మ చేతులు ఆగాయి. "ఒసే ఝాన్సీ! ఇది నాకు తెల్సే! సంతలో ఎండుసేపలోళ్లు సూడు. ముందొచ్చి గోనె పరిసినోడిది ముందు సోటు. పై వారం మళ్లీ ముందొస్తేనే ఆ సోటు. నాను ప్రింటర్ని రోజూ ముందు కూకోబెడతన్నాను. అగరొత్తి వేలెడు కాలేతలికి దానికి రెండో నంబరు వొచ్చేస్తాది. కంప్యూటర్లన్నీ రెండులోనే దాన్ని ఎతుక్కుంటాయి. పూజా లేదు, గీజా లేదు. నాకు గడియారం సూడ్డం రాదని అగరొత్తి."

ఎవరూ చెప్పకుండా ఆమె కనిపెట్టింది, ఏళ్ల తరబడి రోజూ చేసింది, అందరితో నవ్వించుకుంది. కానీ నేను అప్పుడు ఏమన్నానంటే, "ఆ ఒక్కటీ వదిలేయ్ మామ్మా, అది అడగడులే" అన్నాను. మళ్లీ నవ్వుతానని భయపడి మామ్మ కూడా వదిలేసింది.

శనివారం షాపుకి సెలవు పెట్టి నేనూ వెళ్లాను. మామ్మ పాఠం అప్పజెప్తుంటే చూడాలని. సోమవారం పరీక్షలు. హాల్ టికెట్లు ఆ రోజే ఇవ్వాలి. వంగర నుంచి, సంతకవిటి నుంచి పిల్లలు మొదటి బస్సులకే వచ్చి కిటికీ దగ్గర నిలబడ్డారు. గేటు దగ్గరే సూపరింటెండెంటు గారు మామ్మని ఆపి, ప్రిన్సిపాల్ గదికి ఫైళ్లు మోయమన్నారు. మామ్మ బొడ్లోంచి తాళంచెవి తీసి నాకిచ్చింది.

"గది ఊడ్సు. ప్లగ్గులు ముట్టుకోకు. నాను వొచ్చి ఎడతాను. ఇనపడ్డాదా?"

వినపడింది. ఊడ్చాను కూడా. కానీ నా ఫోనులో నెట్ అయిపోయింది, వైఫై పాస్‌వర్డు గోడ మీదే రాసి ఉంది. డబ్బా ప్లగ్గు పెట్టాను. ఫోను కలిపాను. ఎలాగూ ఒకటి పెట్టాను కదా, మామ్మకి మోకాళ్ల శ్రమ తప్పుతుందని కంప్యూటర్లు ఐదూ పెట్టాను. ఆఖర్న ప్రింటరు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, అది ముందు పెట్టాలని. అన్నీ పీకి మొదటికి రావచ్చు. కానీ ఫోనులో వీడియో మధ్యలో ఉంది. అందుకని నేను చేసిన పని ఇదీ: ఒక అగరొత్తి తీసి వెలిగించి, సగం విరిచి, ప్రింటరు ముందు గుచ్చాను.

మామ్మ రొప్పుతూ వచ్చింది. అగరొత్తి చూసింది. "ఎట్టేసావేటి? వరసలోనే ఎట్టేవా?" అంది.

"వరసలోనే" అన్నాను.

వంగి అద్దం చూసేదే. అంతలో కంపెనీ మనిషి ధనరాజ్ గారు వచ్చేశారు. కుర్రవాడే, మెడలో తాడు, తాడుకి ఫోటో ఉన్న కార్డు. సూపరింటెండెంటు గారు, అనూరాధ, ఇద్దరు గుమస్తాలు వెనకే వచ్చారు. మామ్మ కొంగు భుజం చుట్టూ తిప్పి దోపుకుని నిలబడింది.

ధనరాజ్ గారు అడిగారు. మామ్మ స్పూలరుకి సంచులు చెప్పింది. ఆయన పెన్ను తీసి రాసుకున్నారు. డ్రైవరుకి పర్లాకిమిడి అత్తని చెప్పింది. గుమస్తాలు నవ్వారు, ఆయన నవ్వలేదు, "కరెక్టే కదా" అన్నారు. ఎనిమిది అడిగితే ఎనిమిదీ చెప్పింది. సూపరింటెండెంటు గారి ముఖం కూడా కొంచెం మెత్తబడింది. "సరే, ఒక్కసారి హాల్ టికెట్లు తియ్యండి, మిషను పనితనం కూడా చూపిద్దాం" అన్నారు.

అనూరాధ నొక్కింది. ప్రింటరు కిమ్మనలేదు. మళ్లీ నొక్కింది. కిమ్మనలేదు.

అవెక్కడికి పోతున్నాయో ఆ గదిలో నాకొక్కదానికే తెలియాలి, అప్పుడు నాకూ తెలియలేదు. ఆ రోజు రెండో నంబరు నా ఫోనుది. మూడు వందల హాల్ టికెట్లు నా ఫోను తలుపు తట్టి తట్టి వెనక్కి పోతున్నాయి. నేను వీడియో చూస్తున్నాను.

ధనరాజ్ గారు స్పూలరు ఆపి మళ్లీ నడిపారు. డ్రైవరు తీసేసి మళ్లీ ఎక్కించారు. తీగ మార్చారు. బయట పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని, "మేడం, పన్నెండు బస్సు పోతే మళ్లీ మూడింటికే మేడం" అంటున్నారు. సూపరింటెండెంటు గారు గడియారం చూసుకుంటున్నారు.

మామ్మ వంగి అద్దంలో చూసింది. చివర ఎనిమిది. తల ఎత్తి అగరొత్తి కేసి చూసింది, విరిచిన చోటు కనపడింది. తర్వాత నా చేతిలో ఫోను కేసి చూసింది. నేను ఫోను తిప్పి పట్టుకున్నాను.

"బాబూ, ఓపాలి అన్నీ పీకేసి..." అంది మామ్మ.

"ఇప్పుడు పూజలొద్దు గురమ్మా" అన్నారు సూపరింటెండెంటు గారు.

"పూజ కాదు బాబూ, దానికి సోటు పోయినాది. సంతలో..."

"సంతా?" గుమస్తాలు ఈసారి గట్టిగా నవ్వారు.

ధనరాజ్ గారు మాత్రం చెయ్యి ఆపి ఇటు తిరిగారు. "మీకు తెలిస్తే చెప్పండమ్మా. ఏం పోయింది? దేని వల్ల?"

గదంతా మామ్మ వైపు చూసింది. ఆమె నోరు తెరిచింది. "అదే బాబూ... వొచ్చిన వరసని ఇస్తాది కదా, నంబరు... డీ..." అని ఆగింది. "డీ..." అని మళ్లీ ఆగింది. పెదవులు కదిలాయి. నా వైపు చూసింది.

నాకు ఆ మాట వచ్చు. నాలుగు అక్షరాలు. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నేను నేల కేసి చూశాను.

"పోనీలెండి, టీ ఏమైనా దొరుకుతుందా అమ్మా?" అన్నారు ధనరాజ్ గారు. మామ్మ టీకి వెళ్లింది.

ఆమె గ్లాసులు పట్టుకుని తిరిగొచ్చేసరికి ఆయనకి దొరికింది. "ఐపీ మారిపోయిందండీ. మీ డబ్బాలో డీహెచ్‌సీపీ నడుస్తోంది, రోజూ వచ్చిన వరసలో ఇస్తోంది. ఇన్నాళ్లు ఎలా నెట్టుకొచ్చారో ఆశ్చర్యంగా ఉంది" అన్నారు. ఎలా నెట్టుకొచ్చారో ఆ ఆశ్చర్యం ఆయన పక్కనే ట్రే పట్టుకుని నిలబడి ఉంది. ఆయన ప్రింటరుకి చివర రెండు వందలు అని ఒక నంబరు ఖాయం చేశారు. ఐదు కంప్యూటర్లలోనూ అదే రాశారు. "ఇక ఏ ప్లగ్గు ముందు పెట్టినా, ఏది వెనక పెట్టినా ఇబ్బంది లేదు. నంబరు మారదు" అన్నారు.

హాల్ టికెట్లు ధారగా వచ్చాయి. పిల్లలకి పన్నెండు బస్సు దొరికింది.

"చూశావా గురమ్మా," అన్నారు సూపరింటెండెంటు గారు, కోపంగా కాదు, జాలిగా, "మాటలు బట్టీ పడితే చాలదు. మిషను తెలియాలి." అని చెయ్యి చాపారు.

మామ్మ ఒక చేత్తో ట్రే పట్టుకుని ఇంకో చేత్తో బొడ్లో వెతికింది. లేదు. తాళంచెవి నా దగ్గరే ఉందని ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. నేనే తీసి ఇచ్చాను. అనూరాధ కళ్లనీళ్లు పెట్టుకుని, "పిన్నీ, నేను అడగలేదు పిన్నీ" అంది.

"వానాకాలం బీరువాలో బల్బు ఆపకే" అంది మామ్మ. అంతే అంది.

ఇప్పుడు రెండు నెలలైంది. మామ్మ హాస్టల్ వంటింట్లో బియ్యం కడుగుతోంది. సాయంత్రం నేను ఆవనూనె కాచి మోకాళ్లకి రాస్తాను. ప్రింటింగు గది వెనక కిటికీ వంటింటి పెరట్లోకే ఉంటుంది. మిషను చప్పుడు వినపడితే మామ్మ చెయ్యి నీళ్లలో ఆగిపోతుందట. "రెండో అర" అని గొణుగుతుందని వంటామె చెప్పింది. లోపలున్నవాళ్లకి వినపడదు. వినపడినా ఎవరూ అడగరు. నేను వెళ్లి అసలు సంగతి చెప్పేస్తానని మూడుసార్లు గేటు దాకా వెళ్లాను. మూడుసార్లూ వెనక్కి వచ్చాను. ఇప్పుడు చెప్తే మాత్రం ఏమవుతుంది? ఆ నంబరు ఇక మారదు కదా.

చెప్పలేనిదంతా ఇలా రాశాను. నిన్న సాయంత్రం మామ్మకి మొదటి నుంచి చదివి వినిపించాను. తోటకూర ఒలుస్తూ విన్నది. అగరొత్తి విరిచిన చోట కూడా తల ఎత్తలేదు. ఆఖర్న నేను ఇలా రాసుకున్నాను: "ఆ రోజు మా మామ్మకి అంతా తెలుసు. నా మీద మాట రాకూడదనే నోరు మూసుకుంది. ఇరవై రెండేళ్ల తాళంచెవి నా కోసం వదులుకుంది." చదువుతుంటే నాకే ఏడుపొచ్చింది. చదివి, ముక్కు తుడుచుకుని, ఎలా ఉందని అడిగాను.

మామ్మ కాడ విరిచి గిన్నెలో వేసింది.

"నీ కోసం కాదే గుంటా. నాకు ఆ మాట నోరు తిరగనేదు, అందుకే ఊరుకున్నాను. నీకు తిరుగుతాది కదా, నువ్వెందుకు ఊరుకున్నావు?"